మా అమ్మ ఒడిలో అద్దెకున్న మనిషి

మా తోడికోడలు పోయిన సంగతి నాకు వీధి చివర ఇస్త్రీ బండి ఆయన చెప్పాడు. నేను డాబా మీద వడియాలు పెడుతున్నాను. ఆయన కింద నిలబడి తలెత్తి, "అమ్మా, లాయరమ్మ గారు పోయారంటగా, ఎప్పుడు తీసుకొస్తన్నారు?" అని అడిగాడు. గుంటూరు ఆసుపత్రి నుంచి మా బావగారు ఇంటికి ఫోన్ చేసేలోపే కోర్టు గుమాస్తాలకి, వాళ్ళ నుంచి ఆటోవాళ్ళకి, అక్కడి నుంచి ఇస్త్రీ బండికి కబురు అందిపోయింది. కింద వాటాలో ఆమె, పై వాటాలో నేను, ఒకే గుమ్మంలోంచి ఇన్నేళ్ళు తిరిగాం. అయినా ఊరందరి తర్వాత తెలిసింది నాకు. నిజం చెబుతున్నాను, ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది. పోయేటప్పుడు కూడా ఈవిడ ఊరి మనిషేనా, మా ఇంటి మనిషి కాదా అనుకున్నాను. ఆ తర్వాతే పిండి చేతులతో అక్కడే కూలబడి ఏడ్చాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. మంచి మాటలు రాయడానికి ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు, వాళ్ళు రాస్తారు. నేను ఆమెను చూసి కుళ్ళుకున్నదాన్ని. ఇప్పటికీ కుళ్ళుకుంటూనే ఉన్నాను. అది పక్కన పెట్టి రాస్తే ఇంకెవరి గురించో రాసినట్టు ఉంటుంది, ఎందుకంటే నేను ఆమెను చూసింది ఆ కళ్ళతోనే.

మాది నరసరావుపేట. మామగారి నాటి నుంచి ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు ఉంది, అన్నదమ్ములిద్దరూ అందులోనే కూర్చుంటారు. ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడల్ని. నేను కాపురానికి వచ్చేసరికే ఆమె నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళుతోంది. వంట నాది, వాకిలి నాది, పండగలకి పిండివంటలు నావి. బంధువులు వచ్చి నా గోంగూర పచ్చడి మళ్ళీ మళ్ళీ వేసుకుని, వేళ్ళు నాకి, చెయ్యి కడుక్కుంటూ, "మీ పెద్దకోడలు ఇంకా రాలేదేంది?" అనేవాళ్ళు. ఆమె వచ్చి చెప్పులు విడిచేదాకా కదిలేవాళ్ళు కారు. ఆమెకి ఉప్మా కూడా సరిగ్గా రాదు. మాడ్చి తెచ్చి పెడితే, "కోర్టు పనుల్లో పడి పాపం" అని ఆ మాడుని కూడా మెచ్చుకుని తిన్నారు మా చుట్టాలు. నా పులిహోరలో ఉప్పు ఒక పిసరు తగ్గిందని మాత్రం పెళ్ళిళ్ళలో చెప్పుకున్నారు.

ఆమె అలవాట్లు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు, మా బావగారికి కూడా. నిలబడే అన్నం తినేది. మల్లెపూలు కొనుక్కుని తలలో పెట్టుకోవడం మరిచిపోయేది, రెండు రోజుల తర్వాత కేసు కట్టల్లోంచి ఎండిపోయి రాలేవి. తన కోటు తెచ్చి నా డాబా మీద దండేనికి, నా చీరల మధ్య ఆరేసేది. ఎవరింటికి వెళ్ళినా కొందరు దేవుడి పటాల వైపు చూస్తారు, కొందరు టీవీ వైపు చూస్తారు. ఆమె గుమ్మంలో నిలబడి ముందు మీటరు బోర్డు వైపు చూసేది. పెళ్ళిచూపులకి వెళ్ళిన ఇంట్లో కూడా అంతే. అమ్మాయి ఎలా ఉందక్కా అంటే, "బాగానే ఉంది కానీ, ఆ వైరింగేంది అట్టా వేలాడతంది?" అంది.

కోర్టులో ఆమెని కరెంటు లాయరమ్మ అనేవాళ్ళు. ఆస్తి తగాదాలు పట్టిన లాయర్లు మేడలు కట్టారు. ఈమె పట్టుకున్నవన్నీ ఫ్యూజు పీకేసిన ఇళ్ళు, కుళాయి కట్టేసిన ఇళ్ళు. రొంపిచెర్ల నుంచి, నకరికల్లు నుంచి బాలింతలు, మంచాన పడ్డవాళ్ళ తాలూకు మనుషులు మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళకి చెప్పేది ఒకటే మాట. బిల్లు బాకీ ఉన్నా సరే, కాగితం మీద నోటీసు ఇచ్చి పదిహేను రోజులు ఆగకుండా కరెంటు తీయడానికి లేదు. అద్దెకున్నవాళ్ళని వెళ్ళగొట్టడానికి ఇంటివాళ్ళు కరెంటు, నీళ్ళు ఆపడానికి అసలే లేదు. "చట్టం ఎప్పుడో రాసిపెట్టిందమ్మా. మనం ఆ మాట అడగాలి, అంతే," అనేది. అడగడం తెలియనివాళ్ళ తరఫున తనే వెళ్ళి అడిగేది.

ఆమె అడిగే పద్ధతి ఒకటుంది. కోర్టులో కాగితం వేయడం తర్వాత, ముందు మనిషే వెళ్ళేది. ఆటోలో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వెళ్ళి, ఆ ఇంటి మీటరు బోర్డు కింద వేసుకుని కూర్చునేది. ఫ్యూజు తీయాలంటే ఆమె తల మీదుగా చెయ్యి పెట్టాలి. వచ్చిన లైన్‌మన్‌ని పల్లెత్తు మాట అనేది కాదు. నీడలో నిలబెట్టి మజ్జిగ ఇచ్చేది. తాగినంత సేపు ఇంటి సంగతులు అడిగేది. తాగి గ్లాసు కింద పెట్టాక, "ఏదీ తమ్ముడూ, నోటీసు చూపించు," అనేది.

ఇక్కడే నా కడుపు మండేది. ఆ మజ్జిగ నాది. అల్లం, కరివేపాకు, పచ్చిమిరపకాయ దంచి, రాళ్ళ ఉప్పు వేసి, ముందు రోజు తోడుపెట్టిన గడ్డపెరుగు కవ్వంతో చిలికి, నేను చేసేదాన్ని. పొద్దున్నే, "ఏమే, ఇవాళ ఎండ చానా ఉంటది, చెంబెడు ఎక్కువ చెయ్," అని కింద నుంచి కేకేసేది. నేను చేసి పంపేదాన్ని. అది ఊళ్ళో లాయరమ్మ మజ్జిగ అయి కూర్చుంది. ఒకసారి రైతుబజారులో ఒకావిడ పక్కావిడతో, "లాయరమ్మ మజ్జిగ తాగితే లైన్‌మన్‌కి చెయ్యి లేవదంట," అంటుంటే వంకాయలు అక్కడే పడేసి వచ్చేశాను. ఇంటికొచ్చి అడిగాను, "అక్కా, నా మజ్జిగకి నీ పేరేంది?" అని. ఆమె నవ్వి, "పేరు పోతే పోయిందిలే, గిన్నె మాత్రం జాగ్రత్తగా తెచ్చానుగా," అంది. ఆ నవ్వు చూస్తే ఎవరైనా కోపం మరిచిపోతారు. నేను మరిచిపోలేదు.

ఇదంతా చిన్న కుళ్ళు. పెద్దది మా అమ్మ దగ్గర మొదలైంది.

మా అమ్మ చిన్నప్పటి నుంచి మిరపకాయల గోదాముల్లో తొడిమలు తీసే పనికి వెళ్ళింది. ఆ ఘాటు ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. ఇప్పుడు ముక్కుకి గొట్టం పెట్టుకుని ఆక్సిజన్ మిషన్ మీద ఉంటుంది. మిషన్ కరెంటు మీద నడుస్తుంది. మా ఇంటికి వచ్చెయ్యవే అంటే అల్లుడి ఇంట్లో ఉండనని పట్టు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక పోర్షన్‌లో అద్దెకుంటుంది. రెండు పూటలా అన్నం నేను తీసుకెళతాను.

ఆ ఇంటాయన ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్ళకి ఖాళీ ఇల్లు కావాలట. అద్దె ఏ నెలా ఆపింది లేదు. ఇంకో ఇల్లు చూసుకుంటాం, ఆగండి అంటే ఆగలేదు. మిషన్ పెట్టుకున్న ముసలావిడ అనగానే ఇల్లు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రావడం లేదు మరి. సర్వీసు తన పేరు మీద ఉంది కాబట్టి, ఈ పోర్షన్‌కి కరెంటు తీసేయమని అర్జీ పెట్టుకుని, రాళ్ళు పగిలే ఎండలో ఒక మధ్యాహ్నం లైన్‌మన్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు.

నేను అప్పుడే క్యారేజీ విప్పుతున్నాను.

"ఏంది బాబాయ్, మనిషివా రాయివా? లోపల మా అమ్మ మిషన్ మీద ఊపిరి పీలుస్తంది!"

"నా ఇల్లు, నా మీటరు. నా ఇష్టం."

"నీ ఇష్టం మీద మన్ను పడ! నీ ఇల్లు పాడుగాను!"

నాకు నోరుంది. మా అమ్మకి కూడా ఉండేది, ఊపిరి ఉన్న రోజుల్లో. నేను తిట్టేకొద్దీ ఆయన బిగుసుకుపోయాడు. వీధిలో జనం పోగయ్యారు, జనం చూస్తుంటే ఇంకా బిగుసుకున్నాడు. మంచం కింద ఒక చిన్న సిలిండరు ఉంది కానీ అది కరెంటు పోయి వచ్చేదాకా ఆదుకునేదే, పొద్దస్తమానం నడిచేది కాదు. లైన్‌మన్ కటింగ్ ప్లయర్ పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. లోపల నుంచి అమ్మ, "ఒసే, గొడవ పడబాకే," అని సగం మాటలు, సగం దగ్గు. మా తోడికోడలికే ఫోన్ చేశాను. ఇంకెవరికి చేస్తాను?

కోర్టు నుంచి అలాగే వచ్చింది, కోటు మీదే, మెడంతా చెమట. ఆటోలోంచి కుర్చీ దించుకుని, ఇంటాయనకి దణ్ణం పెట్టి, మీటరు బోర్డు కింద వేసుకుని కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఏమే, అమ్మకి తెచ్చిన మజ్జిగ ఉంటదిగా, తమ్ముడికి ఒక గ్లాసు పొయ్యి," అంది. నిప్పులు కక్కుతున్న నా చేత లైన్‌మన్‌కి మజ్జిగ పోయించింది.

"ఎండన పడి వచ్చావు తమ్ముడూ. ముందు తాగు. పని యాడికీ పోదు." ఇంటాయన వైపు తిరిగింది. "బాబాయ్, ఇల్లు మీదే, ఎవరు కాదన్నారు? అమ్ముకోండి. మనిషిని ఖాళీ చేయించాలంటే కోర్టు ఉంది, రండి, దారి నేనే చూపిస్తా. కరెంటు కోసి ఎళ్ళగొట్టడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు. లోపల మిషన్ ఆగి ఆవిడకి ఏమన్నా అయితే ఆ కేసు ఇంటి మీద ఉండదు, మీ మీద ఉంటది. మీ ఇంటిపేరు ఏంది బాబాయ్? తప్పు రాస్తే బాగోదు."

ఆయన ఇంటిపేరు చెప్పలేదు. గొంతు మాత్రం దిగింది. ఆమె లైన్‌మన్‌తో, "మీ ఏఈ గారికి ఫోన్ కలుపు. లోపల ఆక్సిజన్ మీద మనిషి ఉందని చెప్పు. ఉన్నా పీకెయ్యమంటే ఆ మాట నాతో చెప్పమను," అంది. అతను పక్కకి వెళ్ళి మాట్లాడాడు. వచ్చి ప్లయర్ సంచిలో పెట్టుకున్నాడు. గ్లాసు కడిగి మరీ ఇచ్చి వెళ్ళాడు.

ఆ తర్వాత ఆమె కోర్టులో కాగితం వేసింది. కేసు తేలేదాకా మా అమ్మ ఉన్న పోర్షన్‌కి కరెంటు ఆపకూడదని ఆర్డరు వచ్చింది. కుర్చీ మాత్రం అమ్మ వసారాలోనే వదిలేసింది, ఇక్కడ ఉండనీ, మళ్ళీ ఎప్పుడు పని పడుద్దో అని. ఆ రోజు నుంచి మా అమ్మ నాకు దక్కలేదు.

"ఆ పిల్ల లేకపోతే నాకు ఊపిరి లేదే," అనేది అమ్మ, వచ్చినవాళ్ళందరితో. ఒకరోజు ఉండబట్టలేక, "మరి రోజూ అన్నం ఎవరు తెస్తన్నారే?" అన్నాను. "నువ్వు తెస్తావులే, కూతురివిగా," అంది, అదేదో పొద్దు పొడవడం లాంటిదన్నట్టు. నన్ను ఒసే అని పిలుస్తుంది, ఆమెని అమ్మా అని పిలిచేది. నేను తీసుకెళ్ళిన పెరుగులో మీగడ తీసి, చిన్న గిన్నెలో మూతపెట్టి ఆమె కోసం ఉంచేది. నా పెరుగు, నా మీగడ! ఆమె సాయంత్రం కోర్టు నుంచి వస్తూ అక్కడ ఆగి, ఆ మీగడ వేలితో నాకి, మంచం మీద కూర్చుని కబుర్లు చెప్పి ఇంటికొచ్చేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం కోర్టుకి సెలవో ఏమో, నేను వెళ్ళేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసి చూశాను. అమ్మ గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ముక్కున గొట్టంతో కూర్చుని ఉంది. ఎడమ తొడ మీద మా తోడికోడలు తల. నిద్రపోతోంది. పెద్ద లాయరు, ఊరంతా లేచి దణ్ణం పెట్టే మనిషి, నోరు కాస్త తెరుచుకుని చంటిపిల్లలా పడుకుని ఉంది. అమ్మ వేళ్ళు ఆ జుట్టులో తిరుగుతున్నాయి. నా జుట్టులో ఆ వేళ్ళు తిరిగి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు. క్యారేజీని నేల మీద ధడాల్న పెట్టాను. ఆమె ఉలిక్కిపడి లేచింది. అమ్మ నన్ను చూసి, "మెల్లగా పెట్టొచ్చుగా, పాపం అలిసిపోయి పడుకుంది," అంది.

ఇద్దరం ఇంటికి నడిచి వస్తుంటే అడిగేశాను. "నీకు ఊరంతా ఉంది. మా అమ్మని కూడా పట్టుకోవాలా అక్కా?"

ఆమె నవ్వింది. "పట్టుకోవడం ఏందే? అద్దెకుంటన్నా. సొంతదారువి నువ్వేగా."

"అయితే ఖాళీ చెయ్యి."

"అట్టా కుదరదు. అద్దెకున్న మనిషిని నోటీసు లేకుండా ఖాళీ చేయించడానికి లేదు. ఇంతకాలం లాయరు ఇంట్లో ఉండి ఇది కూడా తెలవదా?"

నవ్వు రాలేదు నాకు. మా వీధి మలుపు దగ్గర ఆమె మామూలు గొంతుతోనే, "మా అమ్మ పోయేనాటికి నాకు జడేసుకోవడం కూడా రాదే. మాచర్లలో బడికి కత్తిరించిన జుట్టుతో పోయా," అంది. నాకు పాపం అనిపించింది. పాపం అనిపించినా కుళ్ళు పోలేదు. పోయిందని రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుంది, కానీ పోలేదు.

పోయిన నెల కోర్టు వరండాలో పడిపోయింది. గుంటూరు తీసుకెళ్ళారు. మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఇంటికి తెచ్చిన రోజు మా వీధిలో ఆటోలు నిలపడానికి చోటు లేదు. నకరికల్లు నుంచి వచ్చిన ఒకావిడ, ఎవరో కూడా నాకు తెలియదు, ఆమె కాళ్ళ మీద పడి, "నా బిడ్డకి గాలిచ్చిన తల్లీ," అని రాగం తీసి ఏడుస్తుంటే నా ఏడుపు ఎవరికీ వినపడలేదు. నేను తోడికోడల్ని, నన్ను ముందుకు రానివ్వండి అని అరవాలనిపించింది. తలదువ్వి, బొట్టు పెట్టి, చీర మార్చింది మాత్రం నేను. జడలో మల్లెపూలు పెట్టాను. ఆ ఒక్కసారి మరిచిపోవడానికి వీల్లేకుండా పెట్టాను.

అమ్మ రాలేదు, మిషన్ వదిలి రావడం కుదరదు. నేనే వెళ్ళి చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుంది. మీగడ గిన్నె మంచం పక్కన మూతపెట్టి ఉంది, తీసి కడిగేశాను.

పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక, మొన్న మధ్యాహ్నం ఆ ఇంటాయన మళ్ళీ వచ్చాడు. వెంట అదే లైన్‌మన్. నేను అమ్మ వసారాలోనే ఉన్నాను.

"లాయరమ్మ లేదుగా ఇంక," అన్నాడు. పరామర్శో బెదిరింపో అర్థం కాకుండా అన్నాడు.

నోటిదాకా వచ్చింది తిట్టు. మింగేశాను. మూలనున్న ఎర్ర కుర్చీ లాక్కుని మీటరు బోర్డు కింద వేసుకుని కూర్చున్నాను. ఎత్తుగా లేను కాబట్టి బోర్డుకి నా తలకి మధ్య బోలెడంత జాగా ఉంది. ఆమె ఒకసారి చెప్పిన మాట గుర్తొచ్చి అదే అన్నాను. "ఆర్డరు లాయరు పేరు మీద ఉండదు బాబాయ్. మా అమ్మ పేరు మీద ఉంటది. లాయరు పోతే అది పోదు. కేసు వేరే ఆయనకి అప్పజెప్పాం, వాయిదాకి రండి, అక్కడ మాట్లాడదాం."

లైన్‌మన్ అసలు సంచే తెరవలేదు. "ఆర్డరున్న సర్వీసు నేను ముట్టుకోనండీ. సంగతేందో చెప్పకుండా తీసుకొచ్చారు నన్ను," అన్నాడు ఇంటాయనతో. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, ఫోన్ మాట్లాడుతున్నట్టు వెళ్ళిపోయాడు.

లైన్‌మన్‌కి మజ్జిగ పోశాను. తాగి, మూతి తుడుచుకుని, "ఆవిడ మజ్జిగ ఇట్టనే ఉండేదమ్మా," అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. "అది నాదయ్యా! మొదటి నుంచీ నేను చేసిందే!"

"తెలుసుగా," అన్నాడు అతను. "ప్రతిసారీ చెప్పేది ఆవిడ. మా చెల్లెలు చేసింది తమ్ముడూ, నేను చేస్తే నువ్వు తాగలేవు అని. చెల్లెలంటే సొంత చెల్లెలనుకున్నాం మేము."

చూశారా? నేను కుళ్ళుకోవడానికి న్యాయమైన కారణం ఒక్కటే ఉంది ఇన్నేళ్ళూ. దాన్ని కూడా వెంట తీసుకుపోయింది. మంచితనంలోనూ నన్ను దాటుకుని పోవాలా? కుర్చీలో కూర్చుని ఆమెను తిట్టుకున్నాను, బాగా తిట్టుకున్నాను, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

లోపలికి వెళ్ళాను. మిషన్ తన మానాన తాను రొద పెడుతోంది. అమ్మ గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. బయట మాటలన్నీ విన్నట్టుంది. "ఒసే, రా," అంది. వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. నా తల పట్టుకుని ఒడిలోకి లాక్కుంది. ఎన్నేళ్ళ తర్వాతో.

కుడి తొడ మీద తల పెట్టుకుని పడుకున్నాను. అమ్మ కుడిచెయ్యి నా జుట్టులో ఉంది. ఎడమచెయ్యి ఎడమ తొడ మీద, ఎవరూ లేని చోట, మెల్లగా నిమురుతూనే ఉంది. ఆ చెయ్యి కూడా నాకు కావాలనిపించింది. కొంచెం అటు జరిగితే చాలు, అందుతుంది.

జరగలేదు. నేనింకా నోటీసు ఇవ్వలేదు.